సైకాలజీకి తోడుగా ఏ మైనర్? నా ఓటు భాషకే

బరంపురంలో సైకాలజీ మేజర్‌గా (ముఖ్య విషయంగా) చేరిన మీరు మైనర్‌గా (అనుబంధ విషయంగా) గణాంకశాస్త్రం తీసుకోవాలా, ఇంట్లోవారు పట్టుబడుతున్న కామర్స్ తీసుకోవాలా అని అడిగారు. నేను రెండూ వద్దంటాను. మీ కళాశాలలో భాషాశాస్త్రం ఉంటే అది, లేకపోతే తెలుగో ఒడియానో తీసుకోండి.

మాది ఒడిశా–ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. చదువులో భాగంగా ఒక ఆసుపత్రిలో కుంగుబాటును అంచనా వేసే పి.హెచ్.క్యూ-9 ప్రశ్నావళిని రోగులకు చదివి వినిపించే పని నాకు అప్పగించారు. అందులో గత 2 వారాల స్థితి గురించి 9 ప్రశ్నలుంటాయి. ఒక్కొక్కదానికి 0 (అస్సలు లేదు) నుంచి 3 (దాదాపు రోజూ) వరకు, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే కాస్త నిశితంగా చూడాలి. ఒకరోజు తెలుగింటి ముసలమ్మ ఒకావిడ వచ్చింది. నా చేతిలో ఉన్నది ఒడియా ప్రతి. అప్పటికప్పుడు తెలుగు చేసి, “పనుల మీద ఆసక్తి తగ్గిందా మామ్మా?” అన్నాను. “చెయ్యకపోతే కూడెలా వస్తాది బాబూ?” అంది. సున్నా వేశాను. తరువాత, “ఆశ లేనట్టు అనిపిస్తోందా?” అన్నాను. ఆవిడ నిటారుగా కూర్చుని, “నాకు ఎవరి సొమ్ము మీదా ఆశ లేదు” అంది. దానికీ సున్నాయే. మొత్తం 5 వచ్చింది.

లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, కొడుకు సూరత్ మిల్లుకు వెళ్లిపోయాక వండినదేదీ తినబుద్ధి కావడం లేదనీ, మనసు పీకుతోందనీ తనలో తాను అనుకుంటున్నట్టు అంది. మళ్లీ కూర్చోబెట్టి, “దిగులుగా ఉంటోందా? దేని మీదా మనసు పోవడం లేదా?” అని అడిగితే, రెండింటికీ “రోజూ” అన్న మాటే వచ్చింది. 5 కాస్తా 11 అయింది.

ఇష్టమొచ్చినట్టు మాట మారిస్తే పరీక్ష ప్రామాణికత పోతుందని మా మేడమ్ మందలించారు. ఆమె మాట న్యాయమే; అనువదించిన ప్రశ్నను వేరొకరిచేత మూలభాషలోకి తిప్పి రాయించి సరిచూడాలి, ఆ తరువాత లెక్కలతో పరీక్షించాలి. కానీ ఆ లెక్కలు, అంటే సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం వంటివి, సైకాలజీ పాఠ్యాంశాలలోనే ఎలాగూ వస్తాయి. “ఆశ” అనే మాట ఆ ముసలమ్మకు అత్యాశగా వినిపిస్తుందని చెప్పే పాఠం మాత్రం నాకు ఎక్కడా ఎదురుపడలేదు. పరిశోధనలోకే వెళ్లాలని మీరు ఇప్పటికే నిశ్చయించుకుని ఉంటే గణాంకశాస్త్రానికి నేను అడ్డు చెప్పను. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ తరువాత ఎలాగూ తప్పదు. ఏ మైనరూ ఆ మెట్టును తప్పించలేదు.

అసలు మా ఊళ్లో ఈ సంగతి ఒకరు చెప్పవలసి రావడమే విడ్డూరం. ఇక్కడే బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులకు చదువు చెప్పడం కోసం ముందు తానే సవర భాష నేర్చుకున్నారు; 1931లో దాని వ్యాకరణ గ్రంథం అచ్చయింది. ఇప్పుడు మా వీధి పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మైనర్ల పట్టిక కూడా విద్యార్థి అవసరాన్ని బట్టి కాక, ఏ లెక్చరరు ఖాళీగా ఉన్నారన్నదాన్ని బట్టి తయారవుతుంది. కనుక దరఖాస్తు నింపే ముందు ఆ భాష చెప్పే అధ్యాపకులు నిజంగా ఉన్నారో లేదో విభాగానికి వెళ్లి కనుక్కోండి.