శరత్తులో తుంగనాథ్ దారి, మోనాల్ పక్షి

ప్రశ్న: అక్టోబరు చివర ఉత్తరాఖండ్‌లోని చోప్తా నుంచి తుంగనాథ్ ఆలయం వరకు నడిచి, మోనాల్ పక్షిని ఫొటో తీయాలని ఉంది. ఏ వేళకు బయలుదేరాలి? నా 300 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మంచి కాలాన్నే ఎంచుకున్నారు. వానలు వెనుదిరిగాక ఆకాశం తేటపడి, చౌఖంబా శిఖరాలు ఉదయాన స్పష్టంగా కనిపిస్తాయి. ఆలయానికి రాళ్లు పరిచిన దారి సుమారు 4 కిలోమీటర్లే. అయితే మోనాల్ కోసం వెళ్లేవారు దూరాన్ని కాక వెలుగును లెక్కించుకోవాలి. ఉత్తరాఖండ్ రాష్ట్ర పక్షి అయిన మోనాల్, బలమైన ముక్కుతో నేలను తవ్వి దుంపలను, పురుగులను వెదుక్కుంటూ, ఉదయపు తొలి గంటల్లో బుగ్యాల్ అని పిలిచే పచ్చిక వాలుల అంచులకు వస్తుంది కనుక, సూర్యోదయానికి ముందే నడక మొదలుపెట్టండి. మగపక్షి ఈకల రంగులు వెలుగు పడే కోణాన్ని బట్టి మారుతాయి. సూర్యుణ్ణి మీ వెనుక ఉంచుకుంటే ఆ మెరుపు చక్కగా అందుతుంది. పక్షిని తరమకుండా, ఒకచోట కదలక కూర్చునే ఓపిక ఉంటే మీ లెన్సు చాలు. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షిని రప్పించే పని మాత్రం దయచేసి చేయకండి. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, అదనపు బ్యాటరీని లోపలి జేబులో ఉంచుకోండి. ఎత్తుకు అలవాటు పడేందుకు ముందురోజు రాత్రి చోప్తాలోనే బస చేయండి.