రెక్కల దగ్గర జాగ్రత్త

బుజ్జీ,

గుంటూరు నుంచి సమాధి మీదికి దేవదూత ఆర్డర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. రాత్రికి టెన్షన్ మొదలైంది. మన ఆళ్లగడ్డలో చెక్కే దేవుళ్లకైతే తాళమానం ఉంది, కొలతలు తప్పవు. దూతకు ఆ ఆధారం లేదు.

రాయిని సుత్తితో తట్టి చూడు, ఖంగుమనకపోతే తిప్పి పంపెయ్. పేరు, తేదీలు ఇంటివాళ్ల చేతే రాయించుకో. అడ్వాన్స్ మొహమాటపడకుండా అడుగు.

ఇక రెక్కలు. మా పెదనాన్న ఒకసారి రాయి కలిసొస్తుందని పాలరాతి దూతకు రెక్కలు విడిగా చెక్కి, ఇనుప చువ్వలతో వీపుకు బిగించాడు. అతుకు ఎక్కడుందో తెలియడం లేదని అందరూ మెచ్చుకున్నారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుందమ్మా. కొన్ని వానాకాలాలు గడిచేసరికి భుజం దగ్గర సన్నటి నెర్రె, దాని కింద ఎర్రటి చార కనిపించాయి. సిమెంటు పూసి పైపైన మూశాడు. లోపలి ఉబ్బు ఆగుతుందా? ఒక రాత్రి ఎడమ రెక్క ఊడి సమాధి పలక మీద పడింది. రాత్రి కాబట్టి సరిపోయింది. అదే నవంబర్ 2, సమాధుల పండుగ సాయంత్రమైతే, కొవ్వొత్తులు వెలిగించే పిల్లలంతా అక్కడే ఉంటారు. నాకిప్పటికీ ఆ పిల్లలే గుర్తొస్తారు.

అందుకే ఒకే రాయిలో, రెక్కలు కిందికి దించి చెక్కు. రోమ్‌లోని ప్రొటెస్టెంట్ శ్మశానంలో విలియం వెట్మోర్ స్టోరీ అనే శిల్పి తన భార్య కోసం 1894లో పూర్తిచేసిన దూత ఫోటో చూడు. పీఠం మీద వాలిపోయి, చేతిలో ముఖం దాచుకుని ఉంటుంది. రెక్కలు కూడా ఏడుస్తున్నట్టే వాలి ఉంటాయి. మరుసటి ఏడు ఆయనా పోయాడు, అక్కడే సమాధి చేశారు. చేతుల కోసం కాన్పూర్‌లో ఉన్న, మారొకెట్టి అనే శిల్పి చెక్కిన దూతను చూడు, రెండు చేతులూ ఛాతీ మీదే. చాచిన చేతికి ముందు వేళ్లు విరుగుతాయి. రెక్కకీ వీపుకీ మధ్య వాననీళ్లు నిలవకుండా వాలు ఇవ్వు.

ముఖం గురించి బెంగపడకు. చేతి అలవాటు కొద్దీ అమ్మవారి కనుబొమ్మలే వస్తాయి. రానీ, పోయిన మనిషిదీ మన గుంటూరే కదా.

మాస్క్ లేకుండా గ్రైండర్ పట్టావని తెలిస్తే మాత్రం బస్సెక్కి వచ్చి మరీ తిడతా. నా దగ్గు వింటున్నావుగా తల్లీ. లారీకి ఎక్కించే రోజు ముందే చెప్పు, నేనూ వస్తాను. రెక్కల కింద తాడు వెయ్యనివ్వకు.

మీ మామయ్య