టీకాకు అప్పెందుకండీ?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మూడెకరాల వరి, కొంత కొబ్బరి. నాన్నగారికి 76, నాకూ నా భార్యకూ 50 దాటాయి. ఇద్దరు అబ్బాయిలు, మూడేళ్ల పాప ఉన్న పెద్దకోడలు. ఆరుగురికీ కాకినాడ ప్రైవేటు ఆసుపత్రిలో కోవాగ్జిన్ వేయిద్దామనుకుంటున్నాం. కారు అద్దెతో కలిపి 25 వేలు. ఖాతాలో 9 వేలే ఉన్నాయి. మూడు రూపాయల వడ్డీకి తేవాలా, లోన్ యాప్‌లో తీసుకోవాలా?

జవాబు (2021 జూన్ చివరి వారం): రెండూ వద్దు. ప్రాణం ముందు డబ్బెంత అనుకుని ఎంతైనా కట్టేయడానికి సిద్ధపడటం ఇప్పుడు ఇంటింటా చూస్తున్నదే. లెక్క మాత్రం ఎవరూ వేయరు.

ప్రైవేటులో కోవాగ్జిన్ డోసు గరిష్ఠంగా 1,410 రూపాయలు. జీఎస్టీ, 150 సర్వీసు చార్జీ అందులోనే. 12 డోసులకు 16,920. మిగతా ఎనిమిది వేలూ కారుకే! అసలు ఆరుగురికీ ఎందుకు? 45 దాటిన మీ ముగ్గురికీ పీహెచ్‌సీలో ఉచితం. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకూ ఈ నెల నుంచి రాష్ట్రంలో వేస్తున్నారు, కోడలి పేరు ఏఎన్ఎం దగ్గర రాయించండి. మిగిలింది అబ్బాయిలిద్దరే. 21వ తేదీ నుంచి వాళ్లకూ కేంద్రం ఉచితమే అంది, వంతు రావడానికి కొంత పట్టొచ్చు. మీరు డబ్బు పెట్టేది ఆ కాస్త తొందరకే.

ఆగలేమంటే వాళ్లిద్దరికీ కోవిషీల్డ్ వేయించండి. డోసు 780, ఇద్దరికీ 1,560. రెండోది 84 రోజుల తర్వాత కాబట్టి అప్పుడు పీహెచ్‌సీలో ఉచితంగా వేయించుకోవచ్చు. మొదటిసారి ఇచ్చిన ఫోన్ నంబరు, గుర్తింపు కార్డే ఇవ్వాలి. లేదంటే టీకాల నమోదు వెబ్‌సైటు కోవిన్‌లో మళ్లీ మొదటి డోసుగా ఎక్కుతుంది.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 25 వేలకు నెలకు 750. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు డిసెంబరుకు గానీ రాదు. ఆరు నెలల వడ్డీ 4,500, అంటే మూడు కోవాగ్జిన్ డోసుల పైమాటే. లోన్ యాప్ మాటైతే ఎత్తకండి. ఫీజులని ముందే కోసుకుంటారు, వారానికే మొత్తం కట్టమంటారు, ఆలస్యమైతే మీ ఫోన్లోని చుట్టాలందరికీ ఫోన్లు. నిరుడు డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది కదా!

నన్ను భయపెడుతున్నది మీ ఖాతాలోని ఆ 9 వేలు. దాళ్వా (రబీ) డబ్బు కరిగిపోయింది, నాట్లకు, ఎరువుకు పెట్టుబడి కావాలి, జులై, ఆగస్టుల్లో గోదావరి వరద ఎర్రనీరు. టీకా వేసినా రెండో డోసు తర్వాత రెండు వారాలు గడిస్తేనే పూర్తి రక్షణ. ఈలోగా ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే అడ్వాన్సు ఎక్కడిది? ఇంటి ఖర్చు నెలకు 15 వేలనుకున్నా, పంటకూ పంటకూ మధ్య ఆరు నెలలకు 90 వేలు పక్కన ఉండాలి. ప్రతి కొబ్బరి దింపులోనూ మూడో వంతు, వ్యాపారి డబ్బిచ్చిన రోజే వేరే ఖాతాలో వేయండి. ఆ ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గరుంటే మేలు. 30 వేలు దాటాక పదేసి వేల ఎఫ్‌డీలు విడివిడిగా చేస్తే, అవసరానికి ఒకటి రద్దు చేసుకుంటే సరిపోతుంది.

బంగారం బ్యాంకులో పెట్టడం ఆసుపత్రి అవసరానికే, టీకాకు కాదు. కరోనా కవచ్ అనే కోవిడ్ ఆరోగ్య బీమా తీసుకోవచ్చు గానీ మొదటి 15 రోజులు వర్తించదు, 65 దాటిన నాన్నగారికి ఇవ్వరు. కోవిడ్ చికిత్స ఆరోగ్యశ్రీలో ఉంది కాబట్టి, ముందు సచివాలయానికి వెళ్లి మీ కార్డులో కోడలి పేరు ఎక్కిందో లేదో చూసుకోండి.