రగ్బీలో ఆటా, దేశమూ రెండూ మార్చి నెగ్గినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. నా లెక్కలో మొదటి పేరు బ్రాడ్ థార్న్. 1975లో న్యూజిలాండ్‌లో పుట్టి, చిన్నప్పుడే ఆస్ట్రేలియా చేరాడు. బ్రిస్బేన్ బ్రాంకోస్ క్లబ్ తరఫున, జట్టుకు పదమూడు మంది ఆడే రగ్బీ రకం ‘రగ్బీ లీగ్’లో టైటిళ్లు కొట్టి, ఆస్ట్రేలియా జెర్సీ కూడా వేసుకున్నాడు. తర్వాత న్యూజిలాండ్ వెళ్లి, పదిహేను మంది ఆడే మరో రకం, రగ్బీ యూనియన్‌కు మారాడు.

ఈ మార్పు తేలిక కాదు. లీగ్‌లో ట్యాకిల్‌కు (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) పడిపోయినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తే చాలు. యూనియన్‌లో దానికోసం కుమ్ములాట అక్కడే మొదలవుతుంది. 2001లో న్యూజిలాండ్ యూనియన్ జట్టు ఆల్ బ్లాక్స్‌కు ఎంపికైతే, మనసింకా కుదరలేదని వద్దన్నాడు! అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?

తర్వాత అదే జట్టుకు 2003 ప్రపంచకప్ ఆడాక మళ్లీ లీగ్‌కెళ్లి 2006 టైటిల్ గెలిచాడు. యూనియన్‌కు తిరిగొచ్చి, 36 ఏళ్ల వయసులో 2011 ప్రపంచకప్ అందుకున్నాడు. ఫైనల్లో ఫ్రాన్స్‌పై తేడా ఒక్క పాయింటే, 8-7.