కర్ణాటక మంత్రివర్గం: 34 లెక్క ఎక్కడిది, శాఖలు ఎవరు పంచుతారు, అర్జీ ఎవరికి ఇవ్వాలి

అడిగిన ప్రశ్న ఇది: "అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాం. ఇక్కడ మంత్రులు 34 మందే ఎందుకు? ఉప ముఖ్యమంత్రికి విడిగా అధికారాలుంటాయా? మా లేఅవుట్‌కు నీళ్లు రావడం లేదు, అర్జీ ఏ మంత్రికి ఇవ్వాలి?"

ముందు లెక్క చూద్దాం. రాజ్యాంగంలోని 164(1ఎ) ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ మొత్తం సభ్యుల్లో 15 శాతం మించకూడదు. 2003 నాటి 91వ సవరణతో వచ్చిన నిబంధన ఇది. కర్ణాటక శాసనసభలో 224 స్థానాలు, 15 శాతం కడితే 33.6. దాన్ని 34 చేసుకుని నడుపుతున్నారు. అక్షరాలా చదివితే 34 అంటే హద్దు దాటినట్టే కదా అనొచ్చు. ఆ వాదనలో పస ఉంది గానీ, ఆచరణలో దగ్గరి పూర్ణసంఖ్యే తీసుకుంటున్నారు. తెలంగాణలో 119కి 17.85 వస్తే 18, ఆంధ్రలో 175కి 26.25 వస్తే 26. విధాన పరిషత్తు (మన శాసనమండలి లాంటిది)లోని 75 మందిని మాత్రం ఈ లెక్కలో కలపకండి. పరిషత్తు నుంచి మంత్రిని తీసుకోవచ్చు, శాతం కట్టేది శాసనసభ మీదే.

12 మందికి తగ్గకూడదనీ అక్కడే రాసి ఉంది. ఎన్నాళ్లలోగా అన్నది రాయలేదు. అందుకే 2019 జూలై 26న ముఖ్యమంత్రిగా యడియూరప్ప ఒక్కరే ప్రమాణం చేసి, ఆగస్టు 20న 17 మందిని తీసుకునేదాకా ఏకవ్యక్తి మంత్రివర్గంతోనే నెట్టుకొచ్చారు.

ఇక నియామకం. గెలిచిన పార్టీ ఎమ్మెల్యేలు తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారు. ఆయన మద్దతు లేఖతో రాజ్‌భవన్‌కు వెళ్తే గవర్నర్ ముఖ్యమంత్రిగా నియమిస్తారు. మిగతా మంత్రుల పేర్లు ముఖ్యమంత్రి రాసిచ్చిన జాబితాలోవే, గవర్నర్ సొంతంగా ఒక్క పేరూ చేర్చలేరు. ప్రతి మంత్రీ రెండు ప్రమాణాలు చేస్తారు: ఒకటి పదవికి, రెండోది గోప్యతకు. 2023లో మే 13న ఫలితాలొచ్చాయి. 20న కంఠీరవ స్టేడియంలో ముఖ్యమంత్రిగా సిద్ధరామయ్య, ఉప ముఖ్యమంత్రిగా డి.కె. శివకుమార్, మంత్రులుగా మరో 8 మంది ప్రమాణం చేశారు. 27న రాజ్‌భవన్‌లో ఇంకో 24 మంది చేరడంతో 34 నిండింది. ఒకేసారి అందరినీ తీసుకోకపోవడం ఇక్కడ మామూలే. కులం, జిల్లా, సీనియారిటీ, అధిష్ఠానం ఆమోదం అన్నీ కుదరాలి మరి.

ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ కానివాళ్లనూ మంత్రిని చేయొచ్చు. ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. 2019 ఆగస్టు 20న మంత్రిగా ప్రమాణం చేసి, కొద్ది రోజులకే ఉప ముఖ్యమంత్రి అయిన లక్ష్మణ సవది 2020 ఫిబ్రవరి 17న పరిషత్తుకు ఎన్నికయ్యారు. అంటే గడువు గట్టెక్కింది చివరి రోజుల్లో. ఆరు నెలలు కాగానే రాజీనామా చేసి మళ్లీ ప్రమాణం చేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. అదే సభ కాలంలో ఎన్నిక కాకుండా అలా రెండోసారి కుదరదని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చేసింది.

ఫిరాయింపు కింద అనర్హత పడినవాళ్లది ఇంకో చిక్కు. 164(1బి) ప్రకారం వాళ్లు మళ్లీ "ఎన్నిక" అయ్యేదాకా, లేదా ఆ సభ్యత్వ కాలం ముగిసేదాకా మంత్రులు కాలేరు. 2019లో ఇక్కడ అనర్హత పడినవాళ్లలో ఎం.టి.బి. నాగరాజ్, ఆర్. శంకర్ పరిషత్తుకు ఎన్నికై దారి తెచ్చుకున్నారు. హెచ్. విశ్వనాథ్ నామినేట్ అయ్యారు. నామినేషన్ ఎన్నిక కిందికి రాదని 2020 నవంబరులో హైకోర్టు చెప్పింది, మరుసటి జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. అందరూ ఎమ్మెల్సీలే, ఆయనకు మాత్రం మంత్రి పదవికి దారి మూసుకుపోయింది.

ఉప ముఖ్యమంత్రి అనే పదవి రాజ్యాంగంలో లేదు. చట్టం దృష్టిలో ఆయన ఒక మంత్రి, అంతే. ఆయనకున్న అధికారం చేతిలోని శాఖలది, లేదా పార్టీలో బలానిది. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే ఉప ముఖ్యమంత్రితో సహా మంత్రివర్గమంతా పోయినట్టే. 2021 జూలై 26న యడియూరప్ప దిగిపోయాక 28న కొత్త ముఖ్యమంత్రిగా బొమ్మై ఒక్కరే ప్రమాణం చేశారు, మిగతా 29 మంది ఆగస్టు 4న కొత్తగా చేయాల్సి వచ్చింది.

మీ అర్జీకి అసలు సంబంధం ఉన్నది శాఖలతో. ప్రమాణంతో మంత్రి అవుతారు గానీ ఏ శాఖా చేతికి రాదు. ముఖ్యమంత్రి సలహాపై గవర్నర్ పేరిట విడిగా ఉత్తర్వు వెలువడాలి. ఎవరికీ ఇవ్వని శాఖలు ముఖ్యమంత్రి దగ్గరే ఉంటాయి. ఏ పని ఏ శాఖ కిందికి వస్తుందో 1977 నాటి కార్యకలాపాల కేటాయింపు నియమాల్లో ఉంటుంది. కన్నడ పత్రికల్లో "ఖాతె హంచికె" అని కనిపించేది ఈ శాఖల పంపకమే. మన ఇంటి ఖాతాకూ (ఆస్తి నమోదు పత్రానికీ) దానికీ పొత్తు లేదు!

నీళ్ల అర్జీలో తరచూ జరిగే పొరపాటు "జల సంపన్మూల" (జలవనరుల) శాఖకు రాయడం. అది కృష్ణా, కావేరి ప్రాజెక్టుల శాఖ. చెరువులు "సణ్ణ నీరావరి" (చిన్న నీటిపారుదల) కిందికి వస్తాయి. నగరంలో కుళాయి నీళ్లు జలమండలివి (నగర నీటి సరఫరా సంస్థ), దాన్ని చూసేది బెంగళూరు నగరాభివృద్ధి శాఖ. 2023 పంపకంలో జల సంపన్మూల, బెంగళూరు అభివృద్ధి రెండూ శివకుమార్‌కే వచ్చాయి కాబట్టి పేరు ఒకటే అయింది. కవరు మీద పేరు సరిగ్గానే ఉన్నా శాఖ తప్పు రాస్తే కాగితం వేరే కార్యదర్శి బల్ల మీద పడుతుంది, అక్కడి నుంచి ఇటు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. మీ లేఅవుట్ ఇంకా గ్రామ పంచాయతీ పరిధిలో ఉంటే ఇవేవీ కావు, గ్రామీణాభివృద్ధి-పంచాయతీరాజ్ శాఖకు రాయాలి. నగరసభ (మున్సిపాలిటీ) అయితే పౌరాడళిత (పురపాలక) శాఖకు. ఆస్తిపన్ను రసీదు పైన ఏ సంస్థ పేరుందో చూస్తే ఇది తేలిపోతుంది.

దీనితోపాటు జిల్లాకో "ఉస్తువారి" మంత్రి ఉంటారు, మన భాషలో ఇన్‌ఛార్జి మంత్రి. ఆయన కె.డి.పి. (కర్ణాటక అభివృద్ధి కార్యక్రమం) సమీక్షల్లో జిల్లా అధికారులందరినీ కూర్చోబెట్టి అడుగుతారు. శాఖ మంత్రికి ఇచ్చిన అర్జీ నకలు ఆయనకూ పంపండి. అర్జీ ఒక పేజీ దాటకుండా, కన్నడలో, ఒకే సమస్యతో ఉండాలి. నీళ్లు, రోడ్డు, వీధిదీపాలు కలిపి రాస్తే మూడు చోట్లా ఎవరూ తమది అనుకోరు. ఇచ్చిన రోజే నకలు మీద ముద్ర, నంబరు వేయించుకోండి. తర్వాత ఫోన్ చేస్తే మంత్రి ఆప్త (వ్యక్తిగత) కార్యదర్శి మొదట అడిగేది ఆ నంబరే.