ఏటేటా తోరణం కట్టుకునే ఈస్టర్ గుడ్లు
చేతిపనులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నిరుడు ఈస్టర్‌కి కోడిగుడ్లలో సొన తీసేసి, రంగులేసి, వార్నిష్ కూడా కొట్టాం. క్రిస్మస్‌కి డబ్బా తెరిస్తే ఒకటే కంపు. రెండింటి మీద రంగు పొక్కులు లేచింది. వార్నిష్ నాసిదా? (ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై)

జవాబు: తప్పు వార్నిష్‌ది కాదండీ, అది వేసిన వేళది. గుడ్డు పెంకు నిండా కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. లోపలి తడి కొంత వాటి గుండానే ఆరుతుంది. తెల్లసొన లోపల అంటుకుని ఉండగానే, తడి పూర్తిగా పోకముందే వార్నిష్ వేస్తే ఆ దారులు మూసుకుపోతాయి. లోపల ఉన్నది కుళ్లుతుంది, బయటికి రాబోయే తడి రంగును పైకి లేపుతుంది. ఈ గుడ్డు ఎన్నేళ్లు నిలుస్తుందన్నది రంగు వేయకముందే తేలిపోతుంది.

ముందు గుడ్డును సబ్బునీళ్లతో కడిగి తుడవండి. సన్నటి కొసన సూదితో చిన్న బెజ్జం, వెడల్పు కొసన 3–4 మిల్లీమీటర్ల బెజ్జం చేయండి. సూదిని పొడవకూడదు, వేళ్ల మధ్య తిప్పుతూ తొలవాలి. పెద్ద బెజ్జంలోంచి సన్నటి తీగ పంపి పచ్చసొన చిదపండి. చిదపకపోతే అది బెజ్జానికి అడ్డుపడి, గాలి ఒత్తిడికి పెంకు పగులుతుంది. నోటితో ఊదొద్దు, పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా భయం ఉంది. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి సూదిని చిన్న బెజ్జంలో పెట్టి మెల్లగా గాలి కొట్టండి. వచ్చిన సొనతో అదే పూట బాగా కాలేలా అట్టు వేసుకోవచ్చు.

తర్వాత అదే సిరంజితో సబ్బునీళ్లు ఎక్కించి, బెజ్జాలు వేళ్లతో మూసి కుదిపి పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయాలి. ఆపైన గ్లాసు నీళ్లలో చెంచా వెనిగర్ కలిపి లోపల ఒక్క నిమిషం ఉంచి, మంచినీళ్లతో కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే వెనిగర్ పెంకులోని సున్నాన్నే కరిగిస్తుంది.

ఆరబెట్టేటప్పుడు పెద్ద బెజ్జం కిందికి ఉండాలి. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంటే 100 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు పెట్టి, ఆపైన ఒక రోజు బయట ఉంచండి. లేకపోతే ఫ్యాను కింద కనీసం మూడు రోజులు. చెన్నై గాలిలో తేమకి ఒక్క రోజు చాలదు. అనుమానం తీరాలంటే వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. 55 గ్రాముల గుడ్డుకి ఖాళీ పెంకు సుమారు 6 గ్రాములుంటుంది. ఈరోజూ రేపూ తూచినప్పుడు బరువు ఒకేలా ఉంటేనే రంగు వేయడం మొదలుపెట్టండి.

ప్రశ్న: ఏ రంగులు వాడాలి? ఎన్ని పూతలు? (తాంబరం)

జవాబు: యాక్రిలిక్ రంగులు. చేతి జిడ్డు అంటితే రంగు పట్టదు కాబట్టి, ఆరిన పెంకును స్పిరిట్ అద్దిన దూదితో ఒకసారి తుడవండి. చీపురుపుల్లను రెండు బెజ్జాల గుండా దూర్చి, కింద రబ్బరుబ్యాండు చుట్టి, థర్మోకోల్ ముక్కలో గుచ్చితే పెంకును పట్టుకోకుండానే అన్ని వైపులా రంగేయవచ్చు. ముందు తెల్లరంగు ఒక పల్చటి పూత వేయండి, గోధుమరంగు గుడ్డయితే రెండు. దాని మీద అసలు రంగు రెండు పల్చటి పూతలు, పూతకీ పూతకీ అరగంట. ఒకేసారి మందంగా పూస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగుళ్లిస్తుంది.

స్కెచ్ పెన్నుతో గీసిన ముగ్గుల మీద బ్రష్షుతో వార్నిష్ వేస్తే గీతలు చెదిరిపోతాయి, గీతలు కూడా యాక్రిలిక్‌తోనే వేయండి. రంగు ఒక రోజు ఆరాక నీళ్లతో కలిసే యాక్రిలిక్ వార్నిష్ రెండు పూతలు. స్ప్రే వార్నిష్ అయితే ఉదయం పదికీ పన్నెండుకీ మధ్య, సముద్రపు గాలి మొదలవక ముందే కొట్టండి. తేమ గాలిలో అది తెల్లగా మసకబారుతుంది.

ప్రశ్న: ఉక్రెయిన్‌లో సొన తీయకుండానే గుడ్ల మీద బొమ్మలు వేస్తారని వీడియోలో చూశాను. మనమూ చేయవచ్చా? (అన్నానగర్)

జవాబు: పిసాంకా అని, మైనంతో గీసి రంగుల్లో ముంచే పద్ధతి అది, 2024లో యునెస్కో జాబితాకెక్కింది. పచ్చిగుడ్డు లోపల ఏళ్ల తరబడి నెమ్మదిగా ఎండుతుంది. మన ఎండలకి మాత్రం లోపల వాయువు పెరిగి పేలవచ్చు. మైనం పని నేర్చుకోండి, గుడ్డు మాత్రం ఖాళీది తీసుకోండి.

ప్రశ్న: వేలాడదీయడం, దాచడం ఎలా? (శాంథోమ్)

జవాబు: ఒకటిన్నర సెంటీమీటర్ల అగ్గిపుల్ల ముక్క నడుమ గట్టి దారం కట్టి, పుల్లను నిలువుగా పెద్ద బెజ్జంలో దూర్చి దారం లాగండి. లోపల అది అడ్డం తిరిగి నిలబడుతుంది. ఫ్యాను గాలి తగిలేచోట కట్టొద్దు, ఒకదానికొకటి తగిలి చిట్లుతాయి.

పండగయ్యాక న్యూస్‌పేపరులో చుట్టకండి. వేడికి యాక్రిలిక్ మెత్తబడి అక్షరాలు అంటుకుంటాయి. బటర్ పేపరులో చుట్టి, గుడ్లు అమ్మే అట్ట ట్రేలో పెట్టి, పక్కన తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలు రెండు వేసి బీరువా కింది అరలో ఉంచండి. అటక మీద వేసవి వేడి ఎక్కువ. వానాకాలం వెళ్లాక ఒకసారి తీసి ఫ్యాను కింద గంటసేపు ఉంచి, పొట్లాలు మార్చండి.