ఆ అమ్మాయి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు

సమస్య: ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో 19 ఏళ్లుగా హెడ్ గుమాస్తాను. నా కింద నలుగురు పనిచేస్తారు. ఆరు నెలల కింద బీకాం చదివిన అమ్మాయి కొత్తగా చేరింది. మిర్చి సీజన్‌లో మేం రాత్రి తొమ్మిదింటి దాకా రాసే తక్‌పట్టీలను (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలను) ఆమె కంప్యూటర్‌లో సాయంత్రం ఐదింటికే తీసేస్తోంది. సేటు ఏ లెక్క కావాలన్నా ఇప్పుడు ఆమెనే పిలుస్తున్నారు. మావాళ్లు రెండు జట్లయ్యారు. మొన్న ఒక రైతు పట్టీలో ఆమె రెండు బస్తాలు తక్కువ వేస్తే, అందరి ముందు గట్టిగా చదివాను. ఏడ్చింది. ఆ రోజు నుంచి అసలే నిద్ర పట్టట్లేదు.
– 48 ఏళ్ల పాఠకుడు, వరంగల్

సలహా: ఆ పిల్ల ఏడుపు మీకు తగిలింది కాబట్టే ఉత్తరం రాశారు. ముందు అక్కడి నుంచే మాట్లాడుకుందాం.

తప్పు పట్టుకోవడం మీ పనే. రెండు బస్తాలంటే రైతుకు వేల రూపాయలు. కానీ పక్కకు పిలిచి దిద్దిస్తే సరిపోయేది. చదువుతున్నంతసేపూ మీ మనసు కొంచెం చల్లబడి ఉంటుంది. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అనుకుంటున్నాను.

మీరు చెడ్డవాళ్లని కాదు. అబ్రహాం టెస్సర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లలోనే దీన్ని వివరించారు. దగ్గరివాళ్లు మనకు సంబంధం లేని పనిలో రాణిస్తే గర్వపడతాం. ఏ పని వల్ల మనకు పేరుందో అందులోనే మించిపోతే తట్టుకోలేం. ఆ అమ్మాయి పాటలు బాగా పాడేదైతే అందరికంటే ముందు మీరే మెచ్చుకునేవారు.

రేపు అదే చోట, ఆ నలుగురి ముందే, "అమ్మా, ఆ రోజు నేనట్ల చదవాల్సింది కాదు" అనండి. అంతవరకే. "నువ్వు కూడా చూసుకోవాలి కదా" అని తోక తగిలించకండి.

పట్టీల లెక్క ఆమెకు వదిలేయండి. వేగంలో ఆమెతో పోటీ పడితే రోజూ ఓడతారు, రోజూ కోపమొస్తుంది. కానీ జెండా పాటలో, అంటే మార్కెట్ వేలంలో, ఒక రేటు పలికి, తన సరుకు దగ్గరికొచ్చేసరికి కోత పెట్టారని రైతు గొడవపడితే ఎవరు సర్దిచెబుతారు? తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిసిందని ఖరీదుదారు పేచీ పెడితే, బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి చూసి, ఇది తాలు కాదని గట్టిగా నిలబడేదెవరు? ఏ రైతు పెట్టుబడికి ఎంత తీసుకున్నాడో, ఎవరింట్లో పెళ్లుందో కంప్యూటర్‌కు తెలియదు. వారానికి రెండు రోజులు పొద్దున కాంటాల దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి, తూకం వేసే దడువాయిలకు పరిచయం చేయండి. సాయంత్రం అరగంట ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకోండి. 48 ఏళ్లు పెద్ద వయసేం కాదు.

సేటు దగ్గరికి మీరే వెళ్లి పని పంపకం స్పష్టంగా అడగండి: ఏది ఆమె చూడాలి, ఏది మీరు చూడాలి అని. తప్పు కొంత ఆయనదీ ఉంది. 19 ఏళ్ల మనిషిని పక్కనబెట్టుకుని, ఒక్క మాట చెప్పకుండా పని మార్చేశారు. జట్ల సంగతంటారా, "ఆమె అట్లన్నది, ఇట్లన్నది" అని చెవిలో వేసేవాళ్లను "ఆమె ముందే చెప్పు" అనండి. రెండుసార్లు అంటే చాలు, మళ్లీ రారు.

నిద్ర ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి. టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఉత్తరంలో ఇంటి ఊసే లేదు. నాకు రాసినదంతా ఈ రాత్రి అన్నం తిన్నాక మీ ఆవిడకు చెప్పండి. మీరు నిద్రపోవట్లేదని ఆమెకు ఎప్పుడో తెలిసే ఉంటుంది.